టెక్ సందేహాలు: ట్రైలరులో కరెంటు ఎక్కడ పోతోంది?

ప్రశ్న (బరంపురం నుంచి): మా జీపుకు తగిలించుకునేలా చిన్న కారవాన్ ట్రైలరు కట్టించుకున్నాం. దారింగిబాడి వెళ్ళినప్పుడల్లా అర్ధరాత్రి దాటగానే ఫ్రిజ్ ఆగిపోతోంది, లైట్లు మసకబారుతున్నాయి. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ వేసి ఆరు నెలలే అయింది. పగలంతా బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి చార్జింగుకు లోటు ఉండకూడదు. బ్యాటరీ పోయింది, మార్చమంటున్నారు షాపువాళ్ళు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ బ్యాటరీ చెడిపోయినప్పుడు ఎలా కనిపిస్తాయో, దానికి చార్జింగ్ అందనప్పుడూ, సన్నని వైరులో వోల్టేజీ పడిపోతున్నప్పుడూ అచ్చం అలాగే కనిపిస్తాయి. ఈ మూడింటినీ వేరు చేసి చూపగలిగేది ఒక మామూలు మల్టీమీటరు మాత్రమే. వేలు పోసి కొన్న బ్యాటరీని పక్కన పడేసే ముందు ఒక రోజు ఆ పరీక్షకు కేటాయించండి.

ముందుగా ఇంట్లో చార్జరుతో బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి, వైర్లన్నీ విప్పి, మూడు గంటలపాటు అలాగే వదిలేసి కొలవండి. మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 నుంచి 12.7 వోల్టుల మధ్య చూపాలి. తర్వాత 55 వాట్ల హెడ్‌లైటు బల్బు ఒకటి తగిలించి అయిదు గంటలు వెలిగించండి. ఆ బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది కనుక, అయిదు గంటల్లో బ్యాటరీలో ఉన్నదాంట్లో నాలుగో వంతుకు కాస్త తక్కువే ఖర్చవుతుంది. బల్బు తీసేసి గంటసేపు ఆగి చూస్తే 12.4కు అటూ ఇటూగా ఉండాలి. 12.1 కంటే దిగువకు పోయిందంటే షాపువాళ్ళ మాట నిజమే. అలా కాకపోతే లోపం వైర్లలో ఉంది, నా అనుమానమూ వాటి మీదే.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. జీపు బానెట్ కింది బ్యాటరీ నుంచి ట్రైలరులోని బ్యాటరీ దాకా వైరు కనీసం 8 మీటర్లు ఉంటుంది, పోనూ రానూ కలిపి 16 మీటర్లు. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగనే చాలామంది ఇక్కడా వేస్తారు. దాని నిరోధం మీటరుకు సుమారు 8 మిల్లీ ఓములు కనుక, 10 ఆంపియర్లు పారేటప్పుడు ఆ తీగలోనే దాదాపు 1.3 వోల్టులు పోతాయి. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు 14.2 వోల్టులు ఇస్తున్నా ట్రైలరు బ్యాటరీ దగ్గరకు చేరేది 12.9 మాత్రమే. 230 వోల్టుల ఇంట్లో ఒక వోల్టు పోతే తెలియను కూడా తెలియదు, 12 వోల్టుల దగ్గర మాత్రం ఆ ఒక్క వోల్టే సర్వస్వం. రోజంతా ఘాట్ రోడ్డు ఎక్కి దిగినా బ్యాటరీ పూర్తిగా నిండకపోవడానికి ఇది చాలు. అసలు చార్జింగు వైరే లేకపోయినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఏడు పిన్నుల ట్రైలరు ప్లగ్గుల్లో చాలా రకాలు బ్రేకు లైట్లకూ ఇండికేటర్లకూ ఉద్దేశించినవే. ఇంజను నడుస్తుండగా ట్రైలరు బ్యాటరీ మీద మీటరు పెడితే ఈ సంగతి నిమిషంలో తేలిపోతుంది.

ఫ్రిజ్ కథ కూడా ఇలాంటిదే. కంప్రెసరు ఫ్రిజ్‌లలో వోల్టేజీ బాగా తగ్గితే ఫ్రిజ్‌ను ఆపేసి బ్యాటరీని కాపాడే కటాఫ్ ఉంటుంది, కానీ అది చూసేది బ్యాటరీ వోల్టేజీని కాదు, తన దాకా చేరిన వోల్టేజీని. బ్యాటరీ ముందు భాగంలో, ఫ్రిజ్ వెనక భాగంలో ఉంటే కంప్రెసరు స్టార్టయ్యే క్షణంలో అదనంగా లాగే కరెంటుకు అక్కడి వోల్టేజీ ఒక్కసారిగా కుంగి, బ్యాటరీలో సగం మిగిలి ఉండగానే ఫ్రిజ్ ఆగిపోతుంది. ఫ్రిజ్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర ఒకసారి కొలవండి. రెండింటికీ తేడా 0.4 వోల్టులు దాటితే వైరు మార్చాల్సిందే.

ఒక ముఖ్యమైన చోటును మరిచిపోకండి. ట్రైలరును గోపాలపురం వైపు ఉప్పుగాలి తగిలేచోట నిలిపి ఉంచితే టెర్మినళ్ళ మీద పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుంటుంది, ఘాట్ రోడ్ల కుదుపుకు నట్లు వదులవుతాయి. లైట్లూ ఫ్రిజ్ వేసి ఉంచి, మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ సీసపు పోస్టు మీద, రెండోది దాన్ని పట్టిన లగ్గు (వైరు చివరి లోహపు బిగింపు) మీద ఆనించండి. సున్నాకు దగ్గరగా రావాలి. 0.2 వచ్చిందంటే పైకి బిగుతుగా కనిపించే ఆ జాయింటే దొంగ. దాన్ని విప్పి, మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసలైన్ పూయండి. ఛాసిస్ మీద నెగటివ్ బిగించిన బోల్టుకూ ఇదే పరీక్ష చేయండి, పెయింటు గోకకుండా బిగించిన బోల్టులు చాలా ఉంటాయి.

ఇవన్నీ సరిచేశాక చార్జింగు లైనుకు 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించి, ట్రైలరు వైపు 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు పెట్టించండి. వోల్టేజీ కొంత తగ్గి వచ్చినా బ్యాటరీకి కావలసిన 14.4కు అది పెంచి ఇస్తుంది. ఆ తీగకు జీపు బ్యాటరీ పక్కన ఒక ఫ్యూజు, ట్రైలరు బ్యాటరీ పక్కన మరొకటి తప్పనిసరి. మధ్యలో ఎక్కడ తీగ ఒరుసుకుపోయినా రెండు వైపుల నుంచీ మంట పుట్టించేంత కరెంటు దూసుకొస్తుంది.

ప్రశ్న (రాయగడ నుంచి): దారిలో లాడ్జీల దగ్గర ఆగి ట్రైలరుకు కరెంటు తగిలించుకుంటాం. వాన పడ్డ రోజున తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమేనండి. ఇది పరిష్కారమయ్యేదాకా ట్రైలరును మెయిన్స్‌కు తగిలించకండి, పిల్లలను దాని దగ్గరకు పోనివ్వకండి. లాడ్జి సాకెట్టులో ఎర్తింగు లేకపోవడమో, మీ ఎక్స్‌టెన్షన్ రెండు తీగలదే కావడమో అయితే, చార్జరు లోపలి ఫిల్టరు నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు ఇనుప బాడీ మీదే నిలిచిపోతుంది, తడి నేల మీద నిలబడి తాకినవాళ్ళ గుండా భూమిలోకి పోతుంది. అంతకంటే చెడ్డది, లోపల ఎక్కడో ఫేజు తీగ ఒరుసుకుని బాడీకి తగులుతుండవచ్చు. రెండింట్లో ఏదన్నది ఎలక్ట్రీషియనే తేల్చాలి.

మీరు చేయించాల్సినవి: మూడు తీగల 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబులు, ఛాసిస్‌కు గట్టిగా కలిపిన ఎర్త్ తీగ, కరెంటు లోపలికి వచ్చేచోటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ సప్లయిని కోసేస్తుంది. అయితే ఎర్తింగు లేనిచోట ఆ తప్పిపోయిన కరెంటు వెళ్ళే దారి మనిషి శరీరమే అవుతుంది కనుక ఒకటి ఉంది కదా అని రెండోది మానకూడదు. కొత్తచోట తగిలించే ముందు సాకెట్టును మీటరుతో చూడమనండి: ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దరిదాపుల్లోనూ, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులూ ఉంటే సాధారణంగా ఎర్తింగు ఉన్నట్టు. ఎర్తింగు లేదని తెలిసి సాకెట్టులో న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు కలిపేసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి. వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మీ ట్రైలరు బాడీ మొత్తం 230 వోల్టులతో నిలబడుతుంది. అమెరికా ట్రైలర్ల వీడియోలు చూసి వైరింగు చేయించుకునేవారికీ ఒక మాట: అక్కడి సప్లయి 120 వోల్టులు, ప్లగ్గులూ వేరు, ఆ బొమ్మలు ఇక్కడ పనికిరావు.

ప్రశ్న (జయపురం నుంచి): ట్రైలరులోని 1500 వాట్ల ఇన్వర్టరు మీద ఇండక్షన్ స్టవ్ పెడితే కుయ్యిమని ఆగిపోతోంది. పవరు తగ్గించి పెట్టినా అంతే. ఎందుకు?

జవాబు: చాలా ఇండక్షన్ స్టవ్‌లలో పవరు బాగా తగ్గిస్తే వేడి తగ్గేది ఆగి ఆగి వెలగడం వల్లే. వెలిగినప్పుడల్లా అది లాగేది వెయ్యి వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ వెయ్యి వాట్లకే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90 ఆంపియర్లకు పైగా రావాలి. అంత లాగినప్పుడు 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ వోల్టేజీ కుంగి ఇన్వర్టరు కటాఫ్ పడుతుంది. లోపం స్టవ్‌లోనూ లేదు, ఇన్వర్టరులోనూ లేదు. వంట గ్యాసు మీద చేసుకుని, ఆ బ్యాటరీని లైట్లకూ ఫ్యానుకూ ఫోను చార్జింగుకూ ఉంచుకోండి.