తలుపు తీసి చదువుకో, అమ్మడూ

కావలి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి అమ్మడుకు, అత్త ఆశీర్వదించి రాయునది.

పొద్దున మీ నాన్న ఫోను చేశాడు. నువ్వు చెన్నైలో ఉద్యోగం మానేసి సివిల్స్‌కు కూర్చోబోతున్నావని, హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది కూడా మాట్లాడుకున్నావని చెప్పాడు. మాట్లాడినంతసేపూ వాడి గొంతు వణుకుతూనే ఉంది. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. మన ఇంట్లో నా తరువాత ఆ పరీక్ష పేరెత్తిన ఆడపిల్లవు నువ్వే.

మధ్యాహ్నం నువ్వు పంపిన ఫొటో చూశాక ఆ సంతోషంలో సగం దిగులైపోయింది. బల్ల మీద పన్నెండు నెలల కరెంట్ అఫైర్స్ సంచికలు, రంగురంగుల పెన్నులు, అట్టలు వేసి పేర్చిన నోటుబుక్కులు. వెనకాల మూసిన తలుపు. పాతికేళ్ళ వయసులో నేను కూర్చున్న గది అచ్చం అలాగే ఉండేది. ఫోనులో అయితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను.

అందరూ చెప్పేవి ముందే చెప్పేస్తాను. రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక, ఒక తెలుగు పత్రిక. కేంద్రం నిర్ణయాలకు ప్రభుత్వ ప్రకటనలు ఇచ్చే పీఐబీ, బిల్లులకు వాటిని విడమరిచి చెప్పే పీఆర్ఎస్ సంస్థ. యోజన, కురుక్షేత్ర అనే ప్రభుత్వ మాసపత్రికలు నెలనెలా. ఫిబ్రవరి 1న బడ్జెట్, దానికి ముందు వచ్చే ఆర్థిక సర్వే. పాత ప్రశ్నపత్రాలు పరీక్ష పెట్టే కమిషన్ (యూపీఎస్సీ) వెబ్‌సైట్‌లో ఉన్నాయి. కనీసం పదేళ్ళవి చదివాకే పత్రిక పట్టుకో. ఏ వార్త వెంట పడాలో, ఏది వదిలేయాలో వాటిని చూస్తేనే తెలుస్తుంది.

ఇక నోట్సు. రెండో దశ రాతపరీక్ష మెయిన్స్‌లో, జనరల్ స్టడీస్ పేపర్లో మూడు గంటల్లో 20 ప్రశ్నలు రాయాలి. అంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. 10 మార్కుల ప్రశ్నకు 150 మాటలు, 15 మార్కుల దానికి 250. ఒక విషయం మీద నువ్వు పదిహేను పేజీలు రాసి దాచుకుంటే, ఆ తొమ్మిది నిమిషాల్లో అందులో ఏది తీస్తావు? ఒక విషయానికి ఒక్క కాగితం పెట్టుకో. అట్ట వేసిన పుస్తకం వద్దు, విడి కాగితాలు, ఫైలు చాలు. నడుమ కొత్త కాగితం చేర్చడానికి, పాతది తీసి తిరగరాయడానికి వీలుంటుంది. ఏ రోజు వార్త ఆ రోజే రాయకు. చదివి గుర్తు పెట్టుకుని వదిలెయ్. ఆదివారం కూర్చుంటే వారం వార్తల్లో సగం వాటంతట అవే రాలిపోయి ఉంటాయి. మిగిలినవే రాయి.

ప్రతి కాగితం మీదా తేదీ వెయ్యి. ఈ మాట రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్ళ పనితో చెబుతున్నాను. కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరును వదిలి వెళ్ళింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు తిరిగి నెల్లూరులోకి వచ్చింది. అదే రోజు శ్రీహరికోట నెల్లూరును వదిలి తిరుపతి జిల్లాలో చేరింది. తేదీ లేని కాగితంలో "శ్రీహరికోట, నెల్లూరు జిల్లా" అని ఉంటే, అది ఎప్పటి నిజమో రాసిన నీకే తెలియదు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. మహిళా రిజర్వేషన్ బిల్లు 2023లో పార్లమెంటుకు వచ్చినప్పుడు అది 128వ రాజ్యాంగ సవరణ బిల్లు. చట్టమయ్యేసరికి 106వ సవరణ. జీఎస్టీ కూడా అంతే: బిల్లుగా 122, సవరణగా 101. పత్రికలు బిల్లు దశలో ఒక అంకె రాస్తాయి, చట్టమయ్యాక ఇంకొకటి. నెల సంచికలో నువ్వు గీత గీసుకున్నది ఏ దశలోదో చూసుకోకపోతే, మొదటి దశ ప్రిలిమ్స్‌లో రెండు మార్కుల ప్రశ్న పోవడమే కాకుండా తప్పు జవాబుకు మూడో వంతు కోత కూడా పడుతుంది. అసలు తెలియని ప్రశ్నను వదిలేస్తాం, అమ్మడూ. సగం గుర్తున్నదే మనల్ని ముంచుతుంది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

1992లో మన ఊరి ఇంట్లో వెనక గది నాది. ఇంగ్లీషు పత్రిక కావలి నుంచి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. కత్తెర, బంక సీసా పక్కన పెట్టుకుని కత్తిరించి అతికించేదాన్ని. సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన దేశాలు, వాటి రాజధానులు, మాస్ట్రిక్ట్ ఒప్పందం, రియోలో జరిగిన ధరిత్రీ సదస్సు, అన్నీ నోటికి వచ్చేవి. పద్నాలుగు నోటుబుక్కులు నింపాను.

ఆ రోజుల్లో జిల్లా అంతటా అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడులు నడుస్తున్నాయి. మీ నాయనమ్మ పొలం నుంచి వచ్చి, అందరికీ అన్నాలు పెట్టి, లాంతరు పట్టుకుని బడికి వెళ్ళేది. ఒక రాత్రి వాచకం చేతిలో పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. "ఈ పాఠం కూడబలుక్కుని చదివానమ్మా. రెండు మాటలు అర్థం కాలేదు, కాస్త చెబుతావా?" అంది. నేను తల ఎత్తలేదు. "పరీక్ష నెత్తి మీద ఉంది, రేపు చెబుతాను" అన్నాను. ఆమె కాసేపు నిలబడి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆ తరువాత మళ్ళీ అడగలేదు.

ఆ పాఠం సారా వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ. అలాంటి పాఠం చదువుకునే దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళను ముందుండి నడిపించిన రోశమ్మ గారి పేరు దేశమంతా తెలిసింది. దూబగుంట ఎక్కడో లేదు, మన కలిగిరి మండలమే. అక్కడ అంటుకున్నది ఊరూరా పాకింది. సారా వేలంపాటలకు ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. మీ నాయనమ్మ కూడా చీపురుకట్ట, కారం పొట్లం పట్టుకుని వీధిలో వాళ్ళతో కలిసి సారా తెచ్చే బండిని ఆపింది. ఆ కేకలు నా గదిలోకి వినిపించాయి. నేను లేచి కిటికీ రెక్కలు మూసుకున్నాను. చదువు పాడవుతోందని విసుక్కున్నాను కూడా.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఆ వార్తను నేను మధ్యాహ్నం బస్సులో వచ్చిన పత్రికలోంచే కత్తిరించి అతికించాను.

మరుసటి ఏడాది ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఢిల్లీలో కమిషన్ కార్యాలయం, ధోల్‌పూర్ హౌస్. బోర్డులో ఒక పెద్దాయన నా దరఖాస్తు చూసి, "మీది నెల్లూరు జిల్లా. అక్షరాస్యత ఉద్యమం సారా వ్యతిరేక ఉద్యమంగా ఎలా మారింది?" అని అడిగారు. మద్యాన్ని నిషేధించడానికి ప్రభుత్వం పాటుపడాలని చెప్పే రాజ్యాంగం 47వ అధికరణం చెప్పాను. ఎక్సైజు ఆదాయం గురించి చెప్పాను. ఆయన ఓపికగా విని, "మీ ఇంట్లో ఎవరైనా ఆ రాత్రిబడికి వెళ్ళారా?" అన్నారు. "మా అమ్మ వెళ్ళింది" అన్నాను. ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "ఆమె ఏం చదువుకుంది?"

నాకు తెలియదు. అదే చెప్పాను.

తుది జాబితాలో నా పేరు రాలేదు. ఆ ఒక్క జవాబు వల్లే రాలేదని నేను అనను. తరువాత గ్రూప్-2 రాసి డిప్యూటీ తహశీల్దారునయ్యాను. నా ఉద్యోగం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఢిల్లీ నుంచి తిరిగొచ్చే రైల్లో నన్ను నిద్ర పోనివ్వనిది పోయిన మార్కులు కాదు. గుమ్మంలో వాచకం పట్టుకుని నిలబడిన అమ్మే కళ్ళ ముందు ఉంది.

అప్పుడు నేను సారా మీద రాసుకోవలసిన కాగితం ఎలా ఉండాలో ఈ ముప్పై ఏళ్ళలో నా మనసులో చాలాసార్లు రాసుకున్నాను. పైన దూబగుంట, రాత్రిబడి. కింద 47వ అధికరణం. పక్కన కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచే ఏడో షెడ్యూలు: మత్తు పానీయాలు రాష్ట్ర జాబితాలో 8వ అంశం, వాటి మీద ఎక్సైజు సుంకం 51వది. ఆ కింద 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు. తాగే మద్యం ఇవాళ్టికీ జీఎస్టీ పరిధిలోకి రాలేదు, రాష్ట్రాలు ఆ ఆదాయాన్ని వదులుకోలేవు కాబట్టి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పారిశ్రామిక ఆల్కహాలు కూడా మత్తు పానీయాల కిందికే వస్తుందని, దాని మీద చట్టం చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 8-1 మెజారిటీతో తేల్చింది. ఆ తీర్పు వచ్చిన రోజు కొత్త కాగితం అక్కర్లేదు. పాత కాగితం అడుగున ఒక వాక్యం, తేదీ. ఆ ఒక్క కాగితం సమాజానికీ పనికొస్తుంది, సమాఖ్య వ్యవస్థకూ, ఆర్థికానికీ, వ్యాసానికీ, ఇంటర్వ్యూకూ పనికొస్తుంది.

ఇలాంటి కాగితాలు మన చుట్టూ చాలా ఉన్నాయి, తల్లీ. చెన్నైలో ఇన్నాళ్ళూ నువ్వు తాగిన నీళ్ళలో మన కండలేరు జలాశయం నుంచి వెళ్ళిన కృష్ణా జలాలు ఉన్నాయి. మహారాష్ట్ర, కర్ణాటక, మన రాష్ట్రం తలా 5 టీఎంసీలు ఇస్తామని ఒప్పుకుంటే వచ్చిన తెలుగుగంగ అది. రాష్ట్రాల నడుమ నీటి తగాదాల గురించి అందరూ రాస్తారు. సర్దుబాటు ఎలా జరిగిందో నువ్వు రాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిపోయిన నడుములు నేను పనిచేసిన రోజుల్లో చూశాను. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీల వరద నీటిని సొరంగాల గుండా తేవాలన్న వెలిగొండ ప్రాజెక్టు ఆ మనుషుల కోసం కూడా. దాని అంకెలు మాత్రమే రాసుకుని కూర్చోకు. ఒకసారి పొదిలి, కనిగిరి వెళ్ళి మనుషులతో మాట్లాడి రా. నీతిశాస్త్రం పేపర్లో ఎలాగూ పేదవాడి గురించి రాస్తావు. ఆ పేదవాణ్ణి చూసి రాయి.

తెలుగులో రాయాలనుకుంటున్నావని నాన్న అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే ఒక మాట. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయవచ్చు గాని, ప్రశ్నలు ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఇస్తారు. ప్రిలిమ్స్ కూడా అంతే. కాబట్టి ప్రతి కాగితం అంచున మాటల జతలు రాసుకో. ఫిస్కల్ డెఫిసిట్‌ను పత్రికలు ద్రవ్య లోటు అంటాయి, పాఠ్యపుస్తకాలు కోశ లోటు అంటాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరి దాకా అదే వాడు. పరీక్ష హాల్లో మాట కోసం వెతుక్కునే టైము ఉండదు.

ఇంకొక విషయం, కోప్పడుతున్నాను అనుకున్నా సరే. ఆ పన్నెండు సంచికల్లో పది తిరిగి ఇచ్చెయ్. ఇంకొకరు చదివి, ఇంకొకరు ఎంచి, ఇంకొకరు కుదించిన ముద్దను మింగితే ఒంటికి పట్టదు. ఫోనులో పీడీఎఫ్‌లు దింపుకోవడం కూడా ఆపు. దింపుకున్నంత మాత్రాన చదివినట్టు మనసు నమ్మేస్తుంది. నెలలో చివరి మూడు రోజులు కొత్తది ఒక్క అక్షరం కూడా చదవకుండా పాత కాగితాలే తిరగెయ్. నేను నింపిన పద్నాలుగు పుస్తకాల్లో రెండోసారి తెరిచినవి మూడే.

ఒంటరిగా తినకు. మెస్సులో నలుగురి మధ్య కూర్చుని తిను. నెలకోసారి కళ్ళు మంటలు పుడుతున్నాయేమో చూసుకో. మీ నాన్నకు ఆదివారం ఫోను చెయ్యి. వాడు ఏదో చెప్పబోతే, టైము లేదు అనకు. వాడు ఆ ధాన్యం ధర గురించో, కాలవ నీళ్ళ గురించో చెబుతాడు. మద్దతు ధర మీద నీ కాగితంలో అది రాసుకో. అర్ధరాత్రి దిగులు పుడితే నాకు చెయ్యి, ఎంత రాత్రైనా ఎత్తుతాను.

ఈ ప్రయత్నంలో నీకు ఎన్నేళ్ళు పట్టినా నేను లెక్క అడగను. నాకు ఒకటే భయం. ఆ మూసిన తలుపు చూస్తే గుండె ఝల్లుమంది. ఆ గదికి కిటికీ ఉందో లేదో కూడా ఫొటోలో కనిపించలేదు. ఉందా?

హైదరాబాదు వెళ్ళే ముందు ఒక రోజు పినాకిని రైలుకు కావలిలో దిగు. నీకు ఇష్టమని నెల్లూరు చేపల పులుసు ముందు రోజే పెట్టి ఉంచుతాను. నాయనమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె అడుగున ఆ వాచకం దొరికింది. ఇన్నేళ్ళూ నా బీరువాలోనే ఉంచాను. అందులో ఆ పాఠం పేజీ మూల మడిచి ఉంది. 'వ్యసనం', 'ఐకమత్యం' అన్న మాటల కింద పెన్సిలు గీతలున్నాయి. అది ఇక నీ దగ్గర ఉండాలి. తీసుకుపోయే ముందు ఆ పాఠం ఒకసారి నాకు చదివి వినిపించు.

నీ అత్త