ఇల్లు మారినా కౌన్సెలర్ మారకూడదు

ఫోస్టర్ కేర్ కింద, అంటే సొంతవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లల్ని వేరే కుటుంబం పెంచే ఏర్పాటు కింద, మీ ఇంటికి వచ్చిన 14 ఏళ్ళ అమ్మాయి కౌన్సెలింగ్‌కు వెళ్ళివస్తుంది గానీ అక్కడ నోరు విప్పదని రాశారు. ఇలాంటి పిల్లలకు అందే మానసిక ఆరోగ్య సేవల్లో ఏం మారాలని అడిగారు. నేను 11వ ఏట నుంచి 18 నిండేవరకు నాలుగు ఇళ్ళలో అలాగే పెరిగాను. ఆ ఏడేళ్ళలో ఐదుగురు కౌన్సెలర్లు మారారు.

వచ్చిన ప్రతి ఒక్కరూ "మొదటి నుంచి చెప్పు" అనేవారు. అమ్మ సంగతి, ఆ రాత్రి సంగతి, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. మూడోసారికి నాకదంతా ఎక్కాల్లాగా కంఠతా వచ్చేసింది, గొంతు వణకకుండా అప్పజెప్పేవాణ్ణి. పెద్దయ్యాక నా ఫైలు అడిగి తీసుకుని చదివితే, "భావోద్వేగాలు కనబరచడు" అని రాసి ఉంది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మనసు గాయపడ్డ పిల్లల కోసం రూపొందించిన ట్రామా ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే కౌన్సెలింగ్ పద్ధతికి సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు పడతాయి. వారానికొకటి చొప్పున మూడు నాలుగు నెలలు. అది సగానికి రాకముందే నన్ను బట్టలు సర్దుకోమనేవారు. అందుకే, బిడ్డ ఏ ఇంటికి మారినా పాత కౌన్సెలరే కొనసాగాలంటాను, దూరమైతే ఫోనులోనైనా సరే. మార్చక తప్పకపోతే పాతవారు, కొత్తవారు, బిడ్డ ఒక్కసారైనా కలిసి కూర్చోవాలి. మందుల చీటీలూ, అవి ఎందుకు రాశారన్నదీ బిడ్డ వెంటే వెళ్ళాలి. నాకు నిద్రమాత్ర ఎందుకు మొదలుపెట్టారో రెండేళ్ళ తర్వాత చెప్పగలిగినవారే లేరు.

ఇక మీ అమ్మాయి మౌనం. నేనూ ఏడాది పాటు మాట్లాడలేదు. "ఈ ఇంట్లో నిద్ర పట్టడం లేదు" అన్నానో లేదో, రెండు వారాల్లో ఇల్లు మార్చేశారు. మాట్లాడినందుకు శిక్ష వేశారనుకున్నాను. ఏ మాట తన దగ్గరే ఉంటుందో, ప్రాణహాని, వేధింపుల వంటివి ఎవరికి చెప్పక తప్పదో మొదటి రోజే విడమరిచి చెప్పింది ఐదో కౌన్సెలర్ ఒక్కరే. ఆవిడ దగ్గరే నోరు పెగిలింది.

పెంచేవారిని గది బయట కూర్చోబెట్టడం కూడా పొరపాటే. పైన చెప్పిన థెరపీలో వారికీ విడిగా సెషన్లు ఉంటాయి. నేను తినేవి దిండు కింద దాచుకుంటుంటే రెండో ఇంట్లో దొంగతనమన్నారు. మూడో ఇంటి పిన్ని మాత్రం ఒక డబ్బా ఇచ్చి, "ఇది నీది, నేను మూత తీయను" అంది. కొన్ని నెలలకు దాచుకోవడం దానంతటదే ఆగిపోయింది.

నాకు 18 నిండగానే కౌన్సెలింగ్ ఆగిపోయింది. ఫోస్టర్ కేర్‌లో పెరిగి పెద్దవారైన యువతపై అమెరికాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, దాదాపు నలుగురిలో ఒకరికి అంతకుముందు ఏడాదిలో పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత మనసును వదలని ఆందోళన, పీడకలల వంటి సమస్య) ఉన్నట్టు తేలింది. వారంతా 20 దాటినవారే. అంటే సేవలు ముగిసిన వయసులోనూ అవసరం అలాగే ఉందన్నమాట. 20 దాటాకే నాకు పీడకలలు ఎక్కువయ్యాయి.

ఇప్పుడున్న కౌన్సెలర్ ఆ అమ్మాయికి ఎన్నో మనిషో ముందు కనుక్కోండి. పాత ఫైలు ఆ కౌన్సెలర్ దాకా చేరిందో లేదో కూడా అడగండి.