సరదాకి ఒక మతం పెట్టుకున్నాం, కేసు అవుతుందా?

ప్రశ్న: ఊరేగింపు దారి గురించి మొదలైన గొడవలో మా ప్రాంతంలో రెండు మతాల కుర్రాళ్ళు రాళ్ళు రువ్వుకున్నారు. విసుగొచ్చి మేం తొమ్మిది మంది స్నేహితులం 'కునుకు మతం' అని ఒకటి పెట్టుకున్నాం. మా దేవుడు కునుకేశ్వరుడు, ఎప్పుడూ నిద్రపోతుంటాడు. నియమం ఒక్కటే: కోపం వస్తే అరగంట పడుకోవాలి, లేచాక కూడా కొట్టాలనిపిస్తే మళ్ళీ పడుకోవాలి. మా పవిత్ర వస్తువు దిండు. 'మీ దేవుళ్ళు కొట్టుకోమంటారు, మా దేవుడు పడుకోమంటాడు' అని పోస్టర్ వేసి, వచ్చే ఊరేగింపు రోజున పంచుదామని ఆలోచన. కేసు అవుతుందా? మతంగా రిజిస్టర్ చేయించుకుంటే రక్షణ ఉంటుందా?

జవాబు: ముందు రిజిస్ట్రేషన్ సంగతి తేల్చేద్దాం. మన దేశంలో మతాలను నమోదు చేసే ఆఫీసు ఏదీ లేదు, మతం పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాజ్యాంగం 25వ అధికరణ ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది, దేవుడు మెలకువగా ఉండి తీరాలని అందులో ఎక్కడా రాయలేదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే సంఘం నమోదు చేసుకోవచ్చు, మీరు తొమ్మిది మంది ఉన్నారు కాబట్టి కోరం సమస్య లేదు, కానీ అది మీ సంఘానికి నంబరు ఇస్తుందే తప్ప మీ దేవుడికి ఇవ్వదు.

కోర్టు మీ కునుకు మతాన్ని మతంగా ఒప్పుకుంటుందా అంటే, ఆశ పెట్టుకోకండి. 1982లో ఎస్.పి. మిట్టల్ కేసులో అరవిందుల బోధనలే తత్వం కిందికి వస్తాయి, మతం కాదని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. బయటి దేశాల్లోనూ ఇదే కథ. 2005లో అమెరికాలో ఒకాయన స్కూలు పాఠాల మీద నిరసనగా ఎగిరే స్పఘెట్టీ (నూడుల్స్ లాంటి తిండి) దేవుణ్ణి పుట్టించాడు, భక్తులు తల మీద చిల్లుల గిన్నె పెట్టుకుంటారు. న్యూజిలాండ్ ఆ భక్తుల చర్చికి పెళ్ళిళ్ళు చేయించే హక్కు కూడా ఇచ్చింది గానీ, 2016లో నెబ్రాస్కాలోని ఫెడరల్ కోర్టు ఇది వ్యంగ్యం, మతం కాదంది. డ్రైవింగ్ లైసెన్సుకి ఆ గిన్నెతోనే ఫొటో దిగుతానన్న ఒక లా విద్యార్థిని కేసు 2018లో నెదర్లాండ్స్‌లో ఓడిపోయింది, తర్వాత యూరప్ మానవ హక్కుల కోర్టులోనూ నిలవలేదు. అన్నిచోట్లా అడ్డొచ్చింది ఒకటే ప్రశ్న: మీరు దీన్ని నిజంగా నమ్ముతున్నారా, నవ్వుకుంటున్నారా? మీరేమో ఉత్తరంలోనే సరదాకి అని రాసేశారు. కాబట్టి మీకు పనికొచ్చేది 25 కన్నా 19(1)(ఎ), అంటే భావప్రకటన స్వేచ్ఛ. జోకుకి నిజాయితీ పరీక్ష ఉండదు.

ఇక కేసు సంగతి. మీ పోస్టర్ వాక్యంలో రెండో సగం వల్ల ఏ ఇబ్బందీ లేదు. మొదటి సగమే చిక్కు. మీ దేవుడి మీద మీరు ఎన్ని జోకులైనా వేసుకోండి, 'మీ దేవుళ్ళు కొట్టుకోమంటారు' అన్న క్షణం మీరు ఎదుటివాళ్ళ దేవుడి గురించి మాట్లాడుతున్నారు. భారతీయ న్యాయ సంహిత 299 (పాత ఐపీసీ 295ఎ) కింద ఒక వర్గం మత భావాలను గాయపరచాలని కావాలనే, దురుద్దేశంతో అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు, అదీ నాన్‌బెయిలబుల్. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే 196. నిజానికి మీ మీద 299 నిలబడదనే నా అభిప్రాయం. అజాగ్రత్తగా అన్న మాటలు దీని కిందికి రావని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. కానీ కేసు నిలబడకపోవడం వేరు, కేసు రాకపోవడం వేరు. ధోనీని విష్ణువు రూపంలో చూపించిన ఒక పత్రిక ముఖచిత్రం 2013లో వచ్చింది, దాని మీద అనంతపురం కోర్టులో ఆయన మీద ఫిర్యాదు పడింది, ప్రతి అవమానమూ నేరం కాదంటూ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేసరికి 2017 అయింది. ధోనీ దగ్గర లాయర్లున్నారు. మీ తొమ్మిది మందిలో ఎవరికైనా ఉద్యోగం, పాస్‌పోర్టు ఇలాంటి పనులుంటే ఆ నాలుగేళ్ళు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

ఒక మంచి మార్పు వచ్చింది. మాటలకు, రాతలకు సంబంధించి మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే ఇలాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్ కట్టే ముందు ప్రాథమిక విచారణ చేయడమే సరైనదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటల్ని ప్రతిదానికీ ఉలిక్కిపడే మనిషి కళ్ళతో కాకుండా, దృఢమైన మనసున్న మామూలు మనిషి కళ్ళతో చదవాలని కూడా అంది. పైగా 196, 299 కింద కోర్టు కేసు చేపట్టాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. అరెస్టుని మాత్రం ఆ అనుమతి ఆపదు, గుర్తుంచుకోండి.

అందుకని మూడు మార్పులు చేయండి. పోస్టర్‌లో 'కోపమొచ్చిందా? మా దేవుడు పడుకోమంటాడు' అని మాత్రం ఉంచండి. కునుకేశ్వరుడు అన్న పేరు తీసేయండి, 'ఈశ్వరుడు' చేర్చగానే మీ దేవుడికి ఒక పక్క బంధుత్వం వచ్చేస్తుంది, కునుకు తాత అంటే ఏ మతానికీ చుట్టం కాడు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఊరేగింపు రోజున పంచకండి. ఇంట్లో నవ్వొచ్చిన వాక్యమే రాళ్ళు పడ్డ వీధిలో, పడ్డ నెలకే, ఊరేగింపు మధ్యలో పంచితే దురుద్దేశం అనడానికి అవతలి లాయర్‌కి పెద్ద కష్టం ఉండదు. ఆ రోజు నిషేధాజ్ఞలు (పాత సీఆర్‌పీసీ 144, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 163) ఉంటే తొమ్మిది మంది గుమిగూడటమే వేరే కేసు. వారం ఆగండి, తాత ఎలాగూ నిద్రలోనే ఉంటాడు.

దిండు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నా. 1953లో పెరియార్ మట్టి వినాయకుడి బొమ్మ పగలగొట్టిన కేసులో, ఒక వర్గం పవిత్రంగా చూసే వస్తువు ఎంత అల్పమైనదైనా చట్టం రక్షణ దానికి ఉంటుందని సుప్రీంకోర్టు 1958లో చెప్పింది. ఆ లెక్కన మీ దిండు ఎవరైనా చింపితే న్యాయ సంహిత 298 (పవిత్ర వస్తువులను పాడుచేయడం) కింద ఫిర్యాదు చేయొచ్చా? కాగితం మీద చేయొచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో 'ఈ దిండు మీకు పవిత్రమా?' అని అడిగినప్పుడు నవ్వకుండా ఉండగలరా అన్నదే అసలు పరీక్ష, నేనైతే ఈ కేసు తీసుకోను.

ఎవరైనా బెదిరిస్తే మాత్రం సర్దుకుపోకండి, మెసేజ్‌లు, కాల్ రికార్డులు దాచి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి, తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఫిర్యాదు చేయడానికి అరగంట నిద్ర నియమం వర్తించదు, వెంటనే చేయండి.