అమెరికా ప్లేయర్‌లో శాక్సఫోన్ నీరసం

ప్ర: తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన బెల్టు రికార్డ్ ప్లేయర్‌ను 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాను. జాజ్ వాద్యకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ‘మిస్టర్ మేజిక్’ ఎల్పీ వేస్తే శాక్సఫోన్ నిద్రమత్తులో వాయించినట్టుంది. అదే ఫోన్లో వింటే ఎంత హుషారో! బెల్టు మార్చినా ఫలితం లేదు. రికార్డు పాడైందా?
– ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జ: రికార్డును అనుమానించకండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుందే గానీ హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) మార్చదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఏసీ సింక్రనస్ మోటారు వేగం ఆ హెర్ట్జ్‌నిబట్టే ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 27.8 దగ్గరే ఆగిపోతుంది. శ్రుతి హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి మూడు మెట్లు దిగుతుంది. సన్నగా పలికే ఆల్టో శాక్సఫోన్ కాస్తా బొంగురుగా పలికే టెనార్ గొంతు తెచ్చుకుంటుంది.

తేల్చుకోడానికి స్టాప్‌వాచ్ చాలు. రెండో వైపు మొదటి పాట, అంటే ఆల్బమ్ పేరున్నదే, సుమారు 9 నిమిషాలు. మీ దగ్గర 10 నిమిషాల 50 సెకన్ల దాకా సాగితే జబ్బు ఇదే. సాగిన బెల్టయితే వేగం ఇలా నిలకడగా ఆరోవంతు తగ్గదు, ఊగిసలాడుతుంది.

మోటారు ఇరుసు మీది పుల్లీ (బెల్టును తిప్పే చిన్న చక్రం) మార్చాలి. ఆ మోడల్‌కు కంపెనీ చేసిన 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే అదే వేయండి. లేదంటే ఆటోనగర్‌లో లేత్ మీద చేయించుకోవచ్చు. వ్యాసం పాతదానికి 1.2 రెట్లు: 10 మి.మీ. ఉంటే 12. బెల్టు మందం కూడా లెక్కలోకొస్తుంది గనక ఇంకో వెంట్రుకవాసి ఎక్కువే ఉంచి, చూసుకుంటూ తగ్గించమనండి. రంధ్రం సరిగ్గా నడిమధ్యన పడకపోతే సాగదీసిన స్వరాలన్నీ వణుకుతాయి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

వేగం సరిచూడ్డానికి 180 గీతల స్ట్రోబ్ డిస్క్ (తిరిగే పళ్లెం మీద పెట్టే గీతల బిళ్ల) వాడండి. అమెరికాదైతే 216 గీతలుంటాయి, మన కరెంటుకి పనికిరాదు. పాత చోక్ ట్యూబ్‌లైటు కింద గీతలు కదలకుండా నిలబడాలి. ఎల్ఈడీ బల్బుల కింద చాలావరకు ఏమీ తేలదు.

మీది అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారైతే ఈ గొడవే లేదు, వేగం సరిచేసే స్క్రూ తిప్పితే సరి.

ప్ర: అదే ఆల్బమ్‌లో గిటార్ ఎవరిది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జ: ఎరిక్ గేల్. డ్రమ్స్ హార్వీ మేసన్, ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో అమర్చింది (అరేంజ్‌మెంట్) బాబ్ జేమ్స్. ‘మిస్టర్ మేజిక్’ పాట రాల్ఫ్ మెక్‌డొనాల్డ్, విలియం సాల్టర్‌లది. పర్కషన్ కూడా ఆ మెక్‌డొనాల్డే. ఆల్బమ్ 1975లో కుడు అనే రికార్డు లేబుల్ మీద వచ్చింది. కొత్తగా వినేవాళ్లు రెండో వైపే ముందు వేయండి. మొదటి వైపు ‘ఎర్త్ టోన్స్’ 12 నిమిషాల పైమాటే, దానికి తీరిక కావాలి.