కస్టమ్స్ హౌస్ గుమ్మం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ప్రభుత్వంలో పాతుకుపోయిన రాజకీయ అవినీతిని ఒక అధ్యక్షుడు కడిగివేయగలడా అన్న ప్రశ్నకు, అమెరికా అధ్యక్షులలో అంతగా ఎవరూ తలచుకోని చెస్టర్ ఆర్థర్ కథతో జవాబు వెతకాలనుకోవడం నాకు బాగా నచ్చింది. పేరు మోసిన మహానుభావుణ్ణి ఎత్తుకుని ఉంటే నీ పని సులువయ్యేది కానీ, ప్రశ్న అక్కడే చచ్చిపోయేది. అయితే నీ వ్యాసం ఆర్థర్ మనసు మారిందన్న మాటతో మొదలై ఆ మాటతోనే ముగిసింది. మధ్యలో ఉండవలసిన ప్రభుత్వం ఎక్కడా కనిపించలేదు. నా అభ్యంతరమంతా అదే. దానిని కొంచెం విడమరచి చెబుతాను.

ముందుగా ఒక చిన్న సవరణ. మన పాఠకుడికి 'అధ్యక్షుడు' అనగానే రాష్ట్రపతి గుర్తుకు వస్తారు. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకునేవారు. అమెరికాలో అధ్యక్షుడే ప్రభుత్వాన్ని నడుపుతాడు, ఆ రోజుల్లో తపాలా గుమాస్తా దాకా నియామకాల పెత్తనం ఆయన పార్టీదే. ఈ తేడాను ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగు, చాలు.

నేను జిల్లా విలేకరిగా చేరిన కొత్తలో ఒక కార్యాలయంలోని గుమాస్తా మీద ఘాటుగా రాశాను. కాగితం కదలాలంటే అతనికి ఎంత ముట్టజెప్పాలో లెక్కలతో సహా వేశాను. నెల తిరగకుండానే అతన్ని బదిలీ చేశారు, నేను పొంగిపోయాను. మూడు నెలల తరువాత అదే కార్యాలయానికి వెళితే అదే బల్ల, అదే ఫైళ్ల కట్ట, ఆ వెనుక మరో మనిషి, వెనకటి రేటు మీద మరి కొంత. ఎందుకని అడిగితే, ఆ పోస్టింగ్ కోసం తాను ఎవరికి ఎంత ఇచ్చుకున్నాడో, అది రాబట్టుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో కష్టం చెప్పుకుంటున్న మనిషిలా నాతో చెప్పుకొచ్చాడు. నేను రాసింది ఒక మనిషి గురించి, రాయవలసింది ఆ కుర్చీ వెల గురించి అని అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. నీ వ్యాసం చదువుతుంటే ఆ బల్లే కళ్లముందు మెదిలింది.

కాబట్టి అధ్యక్ష భవనంలో కాకుండా న్యూయార్క్ కస్టమ్స్ హౌస్‌లో మొదలుపెట్టు. దిగుమతి సుంకాలు వసూలు చేసే కార్యాలయం అది, వాల్ స్ట్రీట్‌లో పెద్ద పెద్ద రాతి స్తంభాల భవనం. అంతర్యుద్ధ కాలంలో వేసిన ఆదాయపు పన్ను 1872లో ముగిసిపోయింది, ఖజానా ప్రధానంగా సుంకాల మీద బతికేది, ఆ సుంకాలలో సింహభాగం ఆ ఒక్క రేవులోనే వసూలయ్యేది. 1871లో అధ్యక్షుడు గ్రాంట్ ఆ రేవుకు కలెక్టర్‌గా, అంటే సుంకాల వసూలుకు పెద్ద అధికారిగా, ఆర్థర్‌ను నియమించాడు. ఆర్థర్‌కు ఆ పదవి దక్కింది సుంకాల గురించి తెలిసినందుకు కాదు, న్యూయార్క్ రిపబ్లికన్ పార్టీని గుప్పిట్లో పెట్టుకున్న సెనేటర్ రాస్కో కాంక్లింగ్‌కు నమ్మిన మనిషి అయినందుకు. వెయ్యికి పైగా ఉద్యోగాలు కలెక్టర్ చేతిలో ఉండేవి. ఆ ఉద్యోగాల్లో చేరినవాళ్లు సరుకు తూచడం, వెల కట్టడంతోపాటు ఎన్నికలప్పుడు పార్టీ పని చేయాలి, జీతంలో నూటికి ఇంతని పార్టీకి చందా కట్టాలి. కట్టనివాడి పేరు జాబితాలో విడిగా ఉండేది. పైగా, తప్పుడు లెక్క చూపిన దిగుమతిదారులకు వేసిన జరిమానాలలో అధికారులకు వాటా ఉండేది. ఒక పెద్ద దిగుమతి సంస్థ నుంచి రాజీ పేరుతో 2,71,000 డాలర్లు రాబట్టుకున్నాక వ్యాపారులంతా గగ్గోలు పెడితే, 1874లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ వాటాల పద్ధతిని రద్దు చేసింది. అంతకుముందు ఏడాదికి 50,000 డాలర్లు దాటిన ఆర్థర్ రాబడి ఆ దెబ్బతో 12,000 డాలర్ల జీతానికి దిగింది.

ఇక్కడ నువ్వు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆర్థర్ స్వయంగా లంచం మేశాడని ఎవరూ రుజువు చేయలేదు. ఆయన మర్యాదస్తుడు, మంచి బట్టలు కట్టేవాడు, స్నేహశీలి. వాటా చట్టబద్ధమే, చందా అందరికీ తెలిసిందే. "గెలిచినవాడిదే కొల్లసొమ్ము" అని సెనేటర్ మార్సీ 1832లోనే నిండు సభలో అన్నాడు. అవినీతి అనగానే చీకటి గదిలో చేతులు మారే నోట్ల కట్టలను ఊహించుకుంటే ఈ కథలో నీకు ఏమీ దొరకదు. అది పట్టపగలు, జీతాల రోజున, రసీదులతో జరిగింది. నీ వ్యాసంలో 'అవినీతి చీడ' అన్న మాట ఏడుసార్లు వచ్చింది. ఏడింటినీ కొట్టివేసి, ఆ స్థానంలో చందా జాబితాను పెట్టు.

తరువాత హేస్ దగ్గరికి రా. ఆయన్ని నువ్వు ఒక పేరాలో దాటేశావు, అది పొరపాటు. నీ ప్రశ్నకు అసలు పరీక్ష ఆయనే. 1877లో అధ్యక్షుడైన రూథర్‌ఫర్డ్ హేస్ వ్యక్తిగా నిష్కళంకుడు, సంస్కరణ తెస్తానన్న మాటను నిజంగా నమ్మి వచ్చినవాడు. ఆయన ప్రభుత్వం కస్టమ్స్ హౌస్‌పై విచారణ సంఘం వేసింది. సిబ్బందిలో ఐదో వంతు అనవసరమని ఆ సంఘం తేల్చింది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులు పార్టీ యంత్రాంగాన్ని నడపకూడదని హేస్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆర్థర్ దానిని పెడచెవిన పెట్టాడు. ఆయన స్థానంలో థియొడోర్ రూజ్‌వెల్ట్ (తరువాత అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ తండ్రి) పేరును హేస్ పంపితే, నియామకాలను ఆమోదించవలసిన సెనేట్‌లో కాంక్లింగ్ ఓడించాడు. చివరికి 1878 జూలైలో, సెనేట్ సమావేశాలు లేని సమయం చూసి, హేస్ ఆర్థర్‌ను తొలగించగలిగాడు. ఒక్క కలెక్టర్‌ను కదిలించడానికి దేశాధ్యక్షుడికి ఏడాదికి పైగా పట్టింది. ఆ తొలగింపు ఫలితం? రెండేళ్లు తిరిగేసరికి అదే ఆర్థర్ ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థి అయ్యాడు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, వ్యాఖ్య లేకుండా వదిలేయి. పాఠకుడు తానే నిట్టూరుస్తాడు.

1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో చార్లెస్ గిటో అనే మనిషి అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చిన ఘట్టాన్ని నువ్వు మూడు పేజీలు రాశావు. ఒక పేజీ చాలు. ఉద్యోగం కోసం నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి భంగపడిన మతి చలించినవాడు అతను. కాల్చిన తరువాత, ఇక ఆర్థర్ అధ్యక్షుడవుతాడని అతను చెప్పడంతో, పాపం, ఆర్థర్ మీదే అనుమానపు నీడ పడింది. గార్‌ఫీల్డ్ సెప్టెంబరు 19 దాకా కొన ఊపిరితో ఉండి చనిపోయాడు, ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆర్థర్ అధ్యక్షుడయ్యాడు.

ఆ మధ్యకాలంలోనే, ఆగస్టు నెలాఖరున, ఆర్థర్‌కు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది జూలియా శాండ్, న్యూయార్క్‌లో ఉండే ముప్ఫై ఒక్కేళ్ల రోగిష్ఠి మహిళ. ఆయనకు ఆమె ఎవరో తెలియదు. నువ్వు అధ్యక్షుడవుతావేమోనని దేశం భయపడుతోందని ఆమె మొహమాటం లేకుండా రాసింది. ఎన్నడూ తప్పు చేయకపోవడం కంటే, చేసిన తప్పును గుర్తించి దానికి ఎదురు తిరగడం గొప్పదన్న భావం వచ్చేలా ధైర్యమూ చెప్పింది. అలా ఇరవై మూడు ఉత్తరాలు రాసింది. 1882 ఆగస్టులో అధ్యక్షుడు ముందుగా కబురైనా పెట్టకుండా ఆమె ఇంటికి వెళ్లి, దాదాపు గంటసేపు కూర్చున్నాడు. తన కాగితాలలో చాలా భాగాన్ని చనిపోయే ముందు తగలబెట్టించిన ఆ మనిషి, ఈ ఉత్తరాలను మాత్రం దాచుకున్నాడు. ఇది రాస్తున్నప్పుడు నాకు మనసు ఆర్ద్రమవుతోంది. నీకూ అలాగే అయి ఉంటుంది. అందుకే వ్యాసం బరువంతా దీని మీద మోపావు. కానీ అమ్మాయీ, ఉత్తరం మనసును మార్చవచ్చును గానీ చందా జాబితాను మార్చదు. మనసు మారిన తరువాత ఆయన చేతికి అందినవి ఏమిటి, అందనివి ఏమిటి అన్నదే నీ ప్రశ్న.

అందినవాటిలో మొదటిది నిరాకరణ. కస్టమ్స్ హౌస్‌లో గార్‌ఫీల్డ్ పెట్టిన కలెక్టర్ రాబర్ట్‌సన్‌ను తీసివేయమని కాంక్లింగ్ పట్టుబట్టాడు. తనను పెంచిన గురువు అడిగినా ఆర్థర్ ఆ పని చేయలేదు. అదే ఆర్థర్ కొన్ని నెలలకు కాంక్లింగ్‌కు సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి ఇవ్వజూపాడు, కాంక్లింగ్ కాదన్నాడు. రెండవ విషయాన్ని నువ్వు వదిలేశావు. కథానాయకుడికి మచ్చ పడుతుందని భయపడి ఉంటావు. దాన్ని తిరిగి చేర్చు. మచ్చ ఉన్నా మనిషి మనిషిగా నిలబడతాడు, మచ్చ దాచిన రచయిత మాటను పాఠకుడు మళ్లీ నమ్మడు.

అందనిది స్టార్ రూట్ కేసు. మారుమూల ప్రాంతాలకు టపా మోసే కాంట్రాక్టులను తపాలా శాఖ రిజిస్టర్లలో నక్షత్రపు గుర్తులతో సూచించేవారు. వేగం, నిశ్చయత, భద్రత అన్న మూడు మాటలను ప్రతి పద్దులోనూ రాయలేక గుమాస్తాలు మూడు చుక్కలు పెట్టేవారట. ఆ చుక్కల చాటున, ఎవరూ పెద్దగా తిరగని దారులకు రెట్లకు రెట్లు సొమ్ము మంజూరు చేయించుకున్నారు. నిందితులలో ఒకడైన స్టీఫెన్ డోర్సీ 1880 ఎన్నికలలో ఆర్థర్ గెలిచిన పార్టీ ప్రచారానికే కార్యదర్శి. అయినా ఆర్థర్ ప్రభుత్వం అతని మీద కేసు నడిపింది. 1882లో మొదటి విచారణ ఎటూ తేలలేదు, 1883లో రెండవ విచారణలో ముఖ్య నిందితులందరినీ జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. అధ్యక్షుడికి చిత్తశుద్ధి ఉంది, సాక్ష్యం ఉంది, పేరున్న వకీళ్లు ఉన్నారు, శిక్ష మాత్రం పడలేదు.

మరి గెలిచింది ఎక్కడ? 1883 జనవరి 16న ప్రభుత్వ ఉద్యోగాలను పోటీ పరీక్షలతో నింపాలంటూ ఆయన సంతకం పెట్టిన పెండిల్టన్ చట్టంలో. ఆ బిల్లు తెచ్చిన జార్జి పెండిల్టన్ ప్రతిపక్ష డెమొక్రటిక్ పార్టీ సెనేటర్. సెనేట్‌లో 38కి 5, ప్రతినిధుల సభలో 155కు 47 ఓట్లతో బిల్లు నెగ్గింది. కొల్లసొమ్ము మీదే బతికిన సభలు ఒక్కసారిగా పుణ్యాత్ములైపోయాయా? నీ వ్యాసంలో గార్‌ఫీల్డ్ త్యాగం వారిని కదిలించిందని ఉంది. ప్రజల ఆగ్రహం నిజమే. కానీ తేదీలు చూడు. 1882 నవంబరు ఎన్నికలలో రిపబ్లికన్లు ప్రతినిధుల సభను పోగొట్టుకున్నారు. 1884లో అధ్యక్ష పదవి కూడా పోతుందేమోనన్న భయం పట్టుకుంది. పోతే వచ్చేవాళ్లు తమ వాళ్లందరినీ ఊడ్చేస్తారు. ఆ ఊడ్చివేతను ఆపే చట్టం అప్పుడు వాళ్లకే అక్కరకు వచ్చింది. ఆర్థర్ డిసెంబరు సందేశంలో ఆ బిల్లును ఆమోదించమని కోరాడు, సభలు నిండా నెల రోజుల్లో పని ముగించాయి. మంచి అధ్యక్షుడు, కోపంగా ఉన్న ప్రజలు, భయపడ్డ పార్టీ, ఈ మూడూ ఒక చలికాలంలో కలిశాయి. నేను నీకు చెప్పదలచుకున్నది ఇంతే. అధ్యక్షుడు ఇతరుల చేతులను కడగబోయి ఓడిపోయాడు. తన చేతిలో ఉన్న ఉద్యోగాల పందేరాన్ని తానే చట్టానికి అప్పగించినప్పుడు, అంత మేరకు, గెలిచాడు.

ఎంత మేరకు అన్నది కూడా రాయి. పోటీ పరీక్షతో నియామకం, చందా కట్టనందుకు ఉద్యోగం తీయకూడదన్న రక్షణ, పర్యవేక్షణకు ముగ్గురు సభ్యుల కమిషన్. ఆ ముగ్గురిలో ఒకే పార్టీవాళ్లు ఇద్దరికి మించకూడదు. మొదట్లో అది ఫెడరల్ ఉద్యోగాలలో పదో వంతుకు మాత్రమే వర్తించింది. మిగతా వాటికి విస్తరించే అధికారాన్ని అధ్యక్షుడికి వదిలారు. దిగిపోయే అధ్యక్షులు తమ మనుషులను కాపాడుకోవడానికి మరి కొన్ని ఉద్యోగాలను పరీక్షల కిందకు చేర్చి వెళ్లేవారు. స్వార్థమే అయినా, ఒకసారి చేరిన ఉద్యోగం మళ్లీ పందేరంలోకి రావడం కష్టమయ్యేది కనుక చట్టం పరిధి క్రమంగా పెరిగింది. ఈ యంత్రం పనిచేసిన తీరు నాకు ఏ వీరగాథ కంటే ఎక్కువ ఆశ కలిగిస్తుంది.

మన పాఠకుడికి ఇందులో ఒక సొంత దారం ఉంది, దానిని వదలకు. చట్టం ముసాయిదాలో ప్రధాన పాత్ర వహించిన డోర్మన్ ఈటన్ అంతకుముందు బ్రిటిష్ సివిల్ సర్వీసును అధ్యయనం చేసి పుస్తకం రాశాడు. బ్రిటన్ ఆ బహిరంగ పోటీ పరీక్షను ముందుగా ప్రవేశపెట్టింది మన దేశాన్ని పాలించే ఉద్యోగులను ఎంపిక చేయడానికే, 1855లో. ఆ పరీక్ష లండన్‌లో జరిగేది, మనవాళ్లు సముద్రం దాటి వెళ్లి రాయవలసి వచ్చేది. ఆ అన్యాయాన్నీ చెప్పు. ఈనాడు గ్రూప్స్ పరీక్షకు అశోక్‌నగర్ గదుల్లో కూర్చుని చదివే మన పిల్లలకు, తాము రాసే ప్రశ్నపత్రం ఒక సిఫారసు చీటీ స్థానంలో వచ్చిందని తెలిస్తే, అది లీకైనప్పుడు కోపం ఎందుకంత లోతుగా రగులుతుందో కూడా తెలుస్తుంది.

ఇక నీ చివరి పేరా. "ఆ సంతకంతో అమెరికాలో ఒక చీకటి యుగం ముగిసింది" అని రాశావు. తీసివేయి, అది నిజం కాదు. ఉద్యోగుల జీతాల నుంచి వచ్చే చందా సన్నగిల్లేసరికి పార్టీలు వేరే దారి చూసుకున్నాయి. రైల్వే కంపెనీలు, బ్యాంకులు, బీమా కంపెనీల ఖజానాల వైపు తిరిగాయి. గుమాస్తా ఇచ్చే రెండు మూడు డాలర్ల చోట కంపెనీ ఇచ్చే వేల డాలర్లు వచ్చి చేరాయి. ఎన్నికలలో పార్టీలకు కంపెనీలు డబ్బు ఇవ్వకూడదని టిల్‌మన్ చట్టం రావడానికి 1907 దాకా ఆగవలసి వచ్చింది. పెండిల్టన్‌కు తన పార్టీ మళ్లీ సెనేట్ అభ్యర్థిత్వమే ఇవ్వలేదు. ఆర్థర్‌ను 1884లో సొంత పార్టీ పక్కన పెట్టింది. అప్పటికే మూత్రపిండాల జబ్బుతో కుంగిపోతున్న ఆయన, ఆ సంగతిని లోకానికి తెలియనివ్వకుండానే, 1886 నవంబరులో కన్నుమూశాడు.

1883 నుంచి 1907 దాకా ఉన్న ఆ ఇరవై నాలుగేళ్లను కూడా చేర్చి వ్యాసాన్ని మళ్లీ రాయి. హత్య ఘట్టం తగ్గితే దానికి చోటు దొరుకుతుంది. సంక్రాంతికి ఊరు వెళ్లే లోపు పంపితే తీరికగా చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి