పోయేటప్పుడు 30, వచ్చేటప్పుడు 20

ప్రశ్న: మాది బరంపురం. రోడ్ బైక్ కొని ఏడాదైంది. ఈ ఎండాకాలం ఆదివారాల్లో ఒక్కడినే చిలికా ఒడ్డున ఉన్న రంభ ఊరి దాకా తొక్కి వస్తున్నాను, రానూపోనూ దాదాపు నూరు కిలోమీటర్లు. పోయేటప్పుడు మీటర్ గంటకు 30 కిలోమీటర్లు చూపిస్తుంది, తిరుగు దారిలో 20 దాటదు. ఎంత గింజుకున్నా సగటు 24. కార్బన్ చక్రాలు వేయిస్తే పెరుగుతుందా?

జవాబు: ఆ డబ్బు దాచుకోండి. నేనూ ఆ రోడ్డు మీద తిప్పలు పడ్డవాణ్ణే. మీ 30లో సగం పుణ్యం గాలిది. ఎండాకాలం మన తీరంలో గాలి దక్షిణం, నైరుతి నుంచి వీస్తుంది, పొద్దెక్కేకొద్దీ జోరెక్కుతుంది. రంభ మనకు ఈశాన్యాన ఉంది. పోయేటప్పుడు వీపు తోసిన గాలే వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. నెమ్మదిగా తొక్కే సగంలోనే ఎక్కువసేపు ఉంటాం కాబట్టి 30, 20ల సగటు 25 కాకుండా 24కే ఆగిపోతుంది. పెంచాల్సింది ఆ 20ని.

అందుకని పోయేటప్పుడు 27, 28 చాలనుకోండి. గాలి లేని రోడ్డు మీద 25 నుంచి 30కి ఎక్కాలంటే, గాలిని చీల్చడానికే 70 శాతం పైగా ఎక్కువ బలం కావాలి. ఆ బలం తిరుగు దారికి ఉంచుకోండి. తెల్లవారుజామున ఐదుకల్లా బయల్దేరితే, గాలి పుంజుకోకముందే చాలా దూరం వెనక్కి వచ్చేస్తారు.

గాలికి అసలు అడ్డు చక్రాలు కావు, మన ఒళ్లే. హ్యాండిల్ కింది వంపు పట్టుకుని మోచేతులు మడవండి. మెడ పట్టేస్తే కాసేపు పైకి లేవండి. వదులు టీషర్టు వద్దు. నాది వెనక బుడగలా ఉబ్బి పటపటా కొట్టుకునేది, అదో బ్రేకు!

ఇక తిండి. ఓసారి రంభ నుంచి ఏమీ తినకుండా వస్తూ హుమ్మ దగ్గర ఉప్పు మడుల పక్కన చతికిలబడ్డాను. చేతులు వణుకుతున్నాయి, గేరు మార్చడానికి కూడా వేళ్లు రావట్లేదు. టీ బండి ఆయన 'ముందు తిను' అని ఒడియాలో కసిరి, టీలో నాలుగు చెంచాల పంచదార వేసి ఇచ్చాడు. పావుగంటకు గానీ లేవలేకపోయాను. అప్పట్నుంచి ఆకలి వేసినా వేయకపోయినా అరగంటకోసారి ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరాలో తింటున్నాను.

టైర్లలో గాలి బయల్దేరే ముందు చూసుకోండి. రంభలో చిలికా ఒడ్డున టీ మాత్రం మానకండి, మీటర్ ఆపుకుంటే సరి. ఇవన్నీ చేసినా విసుగొస్తే ఓ ఆదివారం నైరుతిన ఉన్న ఇచ్ఛాపురం వైపు పొండి. ముందు ఎదురుగాలి తినేసి, ఇంటికి వచ్చేటప్పుడు దానిమీదే తేలి రావచ్చు.