మా అమ్మాయి ఏఐ వదిలేసి సిగ్నళ్ల వెంట పడింది!

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ మూడో ఏడాది. కదలికను, సిగ్నల్‌లోని నాయిస్‌ను (అసలు సిగ్నల్‌తో కలిసిపోయే అక్కర్లేని అలజడిని) కొలిచి వైర్‌లెస్ పరికరం పనితీరు పెంచే ప్రాజెక్టు చేస్తానంటోంది. మేం ఏఐ కోర్సులో చేరమంటున్నాం. తెలిసినవాళ్ల అబ్బాయి అందులోనే చేరాడు. ఏది మంచిది?

జవాబు: మీరు అడిగింది పోలిక. ఉత్తరం నిండా ఉన్నది మాత్రం భయం. అందరూ అటు పోతుంటే మన పిల్ల వెనకబడిపోతుందేమోనన్న ఈ టెన్షన్ చాలామంది తల్లిదండ్రుల్లో చూశాను.

ఆమె పక్కన కూర్చుని ఆ పని ఒక్కసారైనా చూశారా? వైఫై, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. గోడలకు తగిలి వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి దెబ్బతీసే చోట ఫోన్‌ను అరచేతి వెడల్పు జరిపినా సిగ్నల్ మారిపోతుంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో వెళ్తుంటే డాప్లర్ మార్పు, అంటే కదలిక వల్ల తరంగం ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా, 240 హెర్ట్జ్ దాకా ఉంటుంది. అప్పుడు రెండు మిల్లీసెకన్ల కిందటి సిగ్నల్ కొలత కూడా పాతదే. అదే ఫోన్ బల్లమీద కదలకుండా ఉంటే అంత తరచుగా కొలవక్కర్లేదు, బ్యాటరీ మిగులుతుంది. అలాగని మోషన్ సెన్సర్ ఒక్కటే చాలదు. పక్కన మనిషి నడిచినా సిగ్నల్ మారుతుంది. డేటా నెమ్మదించింది కదలిక వల్లా, నాయిస్ పెరగడం వల్లా అన్నది తేల్చాలి. నాయిస్ వల్లయితే వేరే చానెల్‌కు మారాలి. కదలిక వల్లయితే రెండో యాంటెన్నా ఆదుకోవచ్చు.

ఏఐ మీద నాకు వ్యతిరేకత లేదు. ఆ పేరుతో నడిచే పొట్టి కోర్సుల మీదే అనుమానం. చాలా చోట్ల శుభ్రం చేసిన డేటా ఇచ్చి, తయారుగా ఉన్న మోడల్ నడిపించి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అంకెల్లో ఏది అసలు మార్పో, ఏది నాయిసో విడదీయడం రాని పిల్లలు, మోడల్ తప్పు చెప్పిన రోజు నోరెళ్లబెడతారు. మీ అమ్మాయి నేర్చుకుంటున్నది ఆ విడదీయడమే. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, పైథాన్ ఇక్కడా కావాలి, అక్కడా కావాలి. రేపు ఏఐ వైపు వెళ్లాలనుకున్నా ఈ ఏడాది వృథా కాదు.

ఈ రంగంలో మొదటి ఉద్యోగం ఆలస్యం కావచ్చు, కొన్నిచోట్ల పీజీ అడుగుతారు. అది దాచను. కానీ మోడెమ్ చిప్‌లు, రౌటర్లు, డ్రోన్లు, ఇయర్‌బడ్స్ చేసేవాళ్లందరికీ ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. తెలిసినవాళ్ల అబ్బాయి ఏం చేస్తున్నాడో రాశారు, మీ అమ్మాయికి తన ప్రాజెక్టు ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఇది పద్ధతి కాదు. ఈ రాత్రి ఆమె గ్రాఫ్ చూపించమనండి. సిగ్నల్ గీత పడిపోయిన చోట కదలిక గీత ఎలా ఉందో అడగండి. చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో కోర్సు మాట ఎత్తకండి.